మేక ఊపిరి గొట్టంపై బీటా మందుల పరీక్ష: గీత దిగితే చాలదు

ఎం.ఫార్మసీ ప్రాజెక్టు వైవాల్లో ఏటా వినే మాట ఒకటి ఉంది. "సార్, ఈ ఆకు సారం వేయగానే ట్రాకియా వదులైంది, కాబట్టి ఇది బీటా-2 రిసెప్టర్ మీద పనిచేస్తోంది." స్క్రీన్ మీద ట్రాకియా, అంటే ఊపిరి గొట్టం, కండరపు బిగుపును చూపే గీత నిజంగానే దిగి ఉంటుంది. కానీ గీతను దించడానికి దారులు చాలా ఉన్నాయి. కాల్షియం లోపలికి రాకుండా ఆపినా, హిస్టమిన్‌ను అడ్డుకున్నా, ఫాస్ఫోడైఎస్టరేజ్ అనే ఎంజైమును నొక్కినా, ఆఖరికి టిష్యూ చచ్చిపోతున్నా గీత దిగుతుంది. ఏ దారిన దిగిందో తేల్చడమే అసలు పరీక్ష. అందుకు ఖరీదైన యంత్రాలేమీ అక్కర్లేదు. కోసిన టిష్యూను ద్రావణంలో బతికించి ఉంచే ఆర్గాన్ బాత్, మటన్ షాపు నుంచి తెచ్చిన ఊపిరి గొట్టం, బీటా రిసెప్టర్లను అడ్డుకునే ప్రొప్రనొలాల్ కాస్త, రోజంతా కూర్చునే ఓపిక ఉంటే చాలు.

ఆల్ఫా, బీటా అన్నవి అడ్రినలిన్ పనిచేసే రెండు రకాల రిసెప్టర్లు. కింద చెప్పేది బీటా రిసెప్టర్ పరీక్ష. ఆల్ఫా వైపు వెళ్లాలనుకునేవాళ్లకు చివర్లో నాలుగు మాటలు చెబుతాను.

కాగితాల పని

బీ.ఫార్మసీ ప్రాక్టికల్స్‌లో ఇప్పుడు జంతువుల మీద చేసే ప్రయోగాలన్నీ సాఫ్ట్‌వేర్, వీడియోల ద్వారానే చూపిస్తున్నారు. పుదుచ్చేరి జిప్‌మర్‌లో తయారైన ఎక్స్‌ఫార్మ్ లాంటివి చాలా కాలేజీల్లో ఉన్నాయి. మందు గాఢతకు స్పందన ఎంతో చూపే కర్వ్ ఎలా కదులుతుందో అర్థం చేసుకోవడానికి అవి బాగానే ఉంటాయి, ముందు వాటి మీదే చేయి తిప్పుకోండి. అసలు టిష్యూతో పని పీజీ, పీహెచ్‌డీల్లోనే మొదలవుతుంది. ప్రయోగం కోసం ఎలుకనో గినీపందినో చంపాలంటే 1960 నాటి జంతు హింస నివారణ చట్టం, 1998 నాటి నియమాల కింద సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి తప్పనిసరి. తినడానికి కోసిన మేక నుంచి పారేసే గొట్టం తెచ్చుకుంటే ప్రయోగం కోసం ఒక ప్రాణి తీసినట్టు కాదు. అయినా ఎక్కడి నుంచి, ఎలా తెస్తున్నారో కమిటీకి ఒక ఉత్తరం రాసి, దాని నకలు దగ్గర పెట్టుకోండి. తర్వాత పేపర్ పంపినప్పుడు జర్నల్ వాళ్లు మొదట అడిగేది అదే.

ముందురోజు: క్రెబ్స్ ద్రావణం

టిష్యూను బతికించి ఉంచే ద్రావణం ఇది. లీటరు డిస్టిల్డ్ వాటర్‌కు సోడియం క్లోరైడ్ 6.9 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 0.35, మెగ్నీషియం సల్ఫేట్ హెప్టాహైడ్రేట్ 0.29, పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 0.16, సోడియం బైకార్బొనేట్ 2.1, గ్లూకోజ్ 2.0, కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ 0.37 గ్రాములు. సీసా మీద డైహైడ్రేట్ అని ఉందో, ఎన్‌హైడ్రస్ అని ఉందో చూసి లెక్క మార్చుకోండి. నాలుగు బాత్‌లతో రోజంతా పని అంటే ఐదు లీటర్లు చేసి పెట్టుకోవాలి. మధ్యాహ్నం మూడింటికి ద్రావణం అయిపోతే అప్పటిదాకా పడ్డ శ్రమంతా వృథా.

వీటిని కలిపే వరుస ముఖ్యం. కాల్షియం తప్ప మిగతావన్నీ నీళ్లలో కరిగించి, కార్బోజెన్ అంటే 95 శాతం ఆక్సిజన్, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిపిన గ్యాస్‌ను పది పదిహేను నిమిషాలు బుడగలుగా పంపండి. పీహెచ్ 7.4 దగ్గరికి వచ్చాక కాల్షియం క్లోరైడ్‌ను విడిగా నీళ్లలో కరిగించి, కలుపుతూ కొద్దికొద్దిగా పోయండి. ముందే వేస్తే సున్నపు నీళ్లలా తెల్లగా విరుగుతుంది. అలా విరిగిన ద్రావణంలో టిష్యూకు కాల్షియం అందదు. కండరాన్ని బిగించే మందు కార్బకాల్ ఎంత పోసినా బిగుసుకోదు, మీరేమో మందు పాడైందనుకుంటారు.

కార్బోజెన్ సిలిండర్ లేని చోట అక్వేరియం పంపుతో మామూలు గాలి పంపిస్తుంటారు. క్రెబ్స్‌తో ఆ పని చేయకండి. గాలిలో కార్బన్ డయాక్సైడ్ చాలనంత ఉండదు కాబట్టి పీహెచ్ పైకి పాకుతుంది, గంట తిరిగేసరికి బాత్ అడుగున తెల్లటి మడ్డి కనిపిస్తుంది. సిలిండర్ దొరకని పక్షంలో బైకార్బొనేట్ తక్కువగా ఉండే టైరోడ్ ద్రావణం తీసుకోండి. ఏది వాడారో మాత్రం నోట్‌బుక్‌లో రాయండి.

మందుల స్టాకులు: ఇక్కడే సగం మంది జారిపడతారు

అన్నీ పది మి.లీ. చొప్పున, 10⁻² మోలార్ స్టాకులు, అంటే తర్వాత పలుచన చేసి వాడే గాఢ ద్రావణాలు, చేసుకుందాం. ప్రొప్రనొలాల్ హైడ్రోక్లోరైడ్ అణుభారం 295.8, అంటే పది మి.లీ.కి 29.6 మి.గ్రా. బీటా రిసెప్టర్‌ను పనిచేయించే ఐసోప్రినలిన్ హైడ్రోక్లోరైడ్ 247.7, అంటే 24.8 మి.గ్రా. కార్బకాల్ 182.7, అంటే 18.3 మి.గ్రా. కార్బకాల్ తూచేటప్పుడు గ్లౌజులు, మాస్కు వదలకండి. కొద్దిపాటి పొడి ముక్కులోకి పోయినా ఒళ్లంతా చెమట, నోట్లో లాలాజలం తప్పవు.

ఉబ్బసానికి వాడే బీటా-2 మందు సాల్బుటమాల్ దగ్గర ఆగండి. సీసాలో ఉండేది సాల్బుటమాల్ సల్ఫేట్, దాని అణుభారం 576.7. కానీ ఒక్క సల్ఫేట్‌కు రెండు సాల్బుటమాల్ అణువులు అతుక్కుని ఉంటాయి. పది మి.లీ. 10⁻² మోలార్ సాల్బుటమాల్ కావాలంటే తూచాల్సింది 57.7 మి.గ్రా. కాదు, అందులో సగం, 28.8 మి.గ్రా. నేను చదువుకునే రోజుల్లో ఈ తప్పుతోనే నెలరోజుల డేటా పోగొట్టుకున్నాను. కర్వ్ మొత్తం ఎడమవైపు 0.3 లాగ్ యూనిట్లు జరిగి కూర్చుంది. పుస్తకాల్లో ఉన్నదానికంటే మా మేకల్లో సాల్బుటమాల్‌కు బలం రెట్టింపు అని సంబరపడి సెమినార్ కూడా ఇచ్చాను. వెనక బెంచీలో కూర్చున్న సీనియర్ ఒకాయన "సల్ఫేట్ లెక్క చూశావా తమ్ముడూ?" అని ఒక్క ప్రశ్న వేశాడు. అంతే.

ఐసోప్రినలిన్, అడ్రినలిన్, నార్ అడ్రినలిన్ మూడూ కాటెకోలమైన్లు. గాలి తగిలితే ఆక్సీకరణ చెంది గులాబీ రంగుకు తిరుగుతాయి. పది మి.లీ. స్టాకులో సుమారు 2 మి.గ్రా. ఆస్కార్బిక్ ఆసిడ్ కలపండి. ట్యూబుకు అల్యూమినియం ఫాయిల్ చుట్టి ఐస్‌లో పెట్టండి. పలుచన చేసిన ట్యూబులు ఏ రోజుకారోజు చేసుకోవాలి. కొద్దిగా గులాబీ రంగు కనబడినా సింకులో పారబోయండి. "కొంచెమేగా మారింది" అనుకునే వాళ్ల ఈసీ50, అంటే గరిష్ఠ ఫలితంలో సగం ఇచ్చే గాఢత, రోజుకో చోట ఉంటుంది.

మటన్ షాపు దగ్గర

ముందురోజే వెళ్లి మాట్లాడుకోండి. "అన్నా, ఊపిరి గొట్టం కావాలి, కాలేజీలో ప్రయోగానికి" అంటే చాలామంది డబ్బు కూడా తీసుకోరు. గొంతు మీద కత్తి పడిన చోట గొట్టం పైభాగం తెగిపోయి ఉంటుంది, దాన్ని వదిలేయండి. దాని కింద నుంచి ఊపిరితిత్తుల్లోకి చీలే దాకా ఉన్న భాగం మనకు కావాలి. లాగకుండా, నలపకుండా కోసి ఇమ్మని చెప్పండి. కొందరు అలవాటుగా వేలు దూర్చి లాగేస్తారు, కండరం అక్కడికక్కడే చిరుగుతుంది. నేనైతే పక్కన నిలబడి, కత్తెర నేనే పట్టుకుంటాను.

ఇంకో మాట, అది మేకేనా అని అడగండి. మన దగ్గర మటన్ అంటే ఎక్కువగా పొట్టేలే. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో తెలంగాణ దేశంలోనే మొదటిది, ఆంధ్రప్రదేశ్ రెండోది. షాపులో వేలాడేది ఏదైనా అందరూ మటన్ అనే అంటారు. గొర్రె గొట్టంతోనూ ఈ ప్రయోగం చేయొచ్చు, తప్పేం లేదు. కానీ ఆరు మేకలు అని రాసి అందులో రెండు పొట్టేళ్లు ఉంటే మాత్రం తప్పే. తల పక్కనే ఉంటుంది కాబట్టి చూసి నిర్ధారించుకోండి. ఆడదా మగదా, సుమారు వయసు ఎంత అన్నది కూడా అక్కడే రాసుకోండి.

థర్మాస్ ఫ్లాస్కులో చల్లటి క్రెబ్స్ పోసి, ముందే కార్బోజెన్ పట్టించి తీసుకెళ్లండి. కోసిన కొద్ది నిమిషాల్లో గొట్టం అందులో మునగాలి. మంచు ముక్కలు నేరుగా తగలకూడదు. వాటిని ఫ్లాస్కు చుట్టూ పెట్టండి. చేతులకు గ్లౌజులు ఉండాలి. మేకల నుంచి మనుషులకు బ్రూసెల్లోసిస్ అంటుకునే అవకాశం ఉంది, చేతి మీద చిన్న గాటు చాలు.

కోత

పెట్రీ డిష్‌లో క్రెబ్స్ పోసి, బుడగలు వస్తుండగా పని చేయండి. బయట అంటుకున్న కొవ్వు, పొర అంతా చిన్న కత్తెరతో తీసేయండి. గొట్టం చుట్టూ మృదులాస్థి వలయాలు కనిపిస్తాయి, కానీ అవి పూర్తి వలయాలు కావు. గుర్రపు నాడాలా వెనకవైపు తెరుచుకుని ఉంటాయి. అన్నవాహిక ఆనుకుని ఉండే వైపు అది. ఆ రెండు కొనలను కలుపుతూ ఉన్న పలుచటి, లేత గులాబీ పట్టీయే మనకు కావలసిన ట్రాకియాలిస్ కండరం. మేకలో అది మృదులాస్థి కొనలకు లోపలివైపు అతుక్కుని ఉంటుంది.

కండరానికి ఎదురుగా, అంటే ముందువైపు, మృదులాస్థిని నిలువునా చీల్చి గొట్టాన్ని పుస్తకంలా తెరవండి. ఇప్పుడు కండరం మధ్యలో, మృదులాస్థి రెండు అంచుల్లో ఉంటాయి. మొదటిసారి చేసేవాళ్లందరూ ఇక్కడ ఒకే పొరపాటు చేస్తారు. పట్టీ నిలువుగా పొడవుగా కనిపిస్తుంది కదా అని నిలువునా కోస్తారు. కండర తంతువులు అడ్డంగా, ఈ మృదులాస్థి కొన నుంచి ఆ కొనకు పోతాయి. నిలువు ముక్క బాత్‌లో ఎంతసేపు వేలాడినా గీత కదలదు. అడ్డంగా కోయాలి. రెండు వైపులా చిన్న మృదులాస్థి తునక మిగిలేలా, 3 మి.మీ. వెడల్పున. ఆ తునకలకే దారం కడతాం, కండరానికి కాదు.

లోపలి పొర అంటే ఎపిథీలియం ఉంచాలా తీయాలా అన్నది మీ ఇష్టం. ఏదైనా ఒకటే పద్ధతి పాటించాలి. సగం ముక్కల్లో ఉంచి, సగం ముక్కల్లో దూదితో రుద్ది తీసేస్తే ఫలితాలు ఒకదానితో ఒకటి కలవవు.

పాత కాలేజీల్లో గొట్టాన్ని వలయాలుగా కోసి, ఐదారు వలయాలను దారంతో గొలుసులా కట్టేవారు. మసి పట్టిన డ్రమ్ము మీద గీత గీసే పాత యంత్రం కైమోగ్రాఫ్, దాని లివర్‌కు కదలిక బాగా కనబడాలంటే పొడవు కావాలి, అందుకు ఆ గొలుసు. లాగే బలాన్ని నేరుగా కొలిచే ఫోర్స్ ట్రాన్స్‌డ్యూసర్ ఉన్నవాళ్లకు ఒక్క పట్టీ చాలు. మసి పట్టిన డ్రమ్ముతో చేసేవాళ్లు గొలుసే కట్టుకోండి, తక్కినదంతా అదే పద్ధతి.

వేలాడదీయడం

25 మి.లీ. బాత్, 37 డిగ్రీలు. మేక ఒంటి వేడి అంతకంటే ఒకటిన్నర, రెండు డిగ్రీలు ఎక్కువే. అయినా ఇతరుల డేటాతో పోల్చుకోవడానికి 37 దగ్గరే ఉంచుతాం. కింది దారం హుక్కుకు, పై దారం ట్రాన్స్‌డ్యూసర్‌కు. దారం గోడకు గానీ గాలి గొట్టానికి గానీ తగలకూడదు. బుడగలు సన్నగా, నిదానంగా రావాలి, లేకపోతే గీతంతా వణుకుతుంది.

ఒక గ్రాము టెన్షన్ ఇచ్చి గంట నుంచి గంటన్నర వదిలేయండి. పదిహేను నిమిషాలకోసారి ద్రావణం మార్చండి. టెన్షన్ జారుతుంటే మళ్లీ ఒక గ్రాముకు తెండి. ఈ గంటన్నర తగ్గించుకుందామని అందరికీ అనిపిస్తుంది. సర్దుకోని టిష్యూ దానంతట అదే జారుతూ పోతుంది. ఆ జారుడే తర్వాత మీ మందు చేసిన పనిలా కనిపిస్తుంది.

ముందు బిగించాలి

వదులు చేసే మందును పరీక్షించాలంటే ముందు టిష్యూ బిగుసుకుని ఉండాలి. కార్బకాల్‌ను 10⁻⁸ మోలార్ నుంచి మొదలుపెట్టి మెట్లుమెట్లుగా పెంచి, ఇక పెరగదన్న చోటు దాకా ఒక కర్వ్ గీయండి. ఆ గరిష్ఠంలో 60 నుంచి 70 శాతం బిగుపు ఇచ్చే గాఢత ఎంతో చూసి, ఇకపై అదే వాడండి. గరిష్ఠ మోతాదు వేసి బిగిస్తే ఐసోప్రినలిన్ కూడా పూర్తిగా వదులు చేయలేదు. గట్టిగా బిగించిన ముడిని విప్పాలంటే ఎక్కువ బలం కావాలి కదా, ఇదీ అంతే. కర్వ్ కుడికి జరిగి, పైకప్పు కుంగి, మందే బలహీనమైనదన్న భ్రమ కలుగుతుంది.

తర్వాత బాగా కడిగి, గీత మొదటి చోటికి వచ్చాక అరగంట ఆగండి.

ఐసోప్రినలిన్ కర్వ్

ఎంచుకున్న గాఢతలో కార్బకాల్ వేయండి. గీత పైకి లేచి నిలకడగా నిలిచాక ఐసోప్రినలిన్‌ను కడగకుండా ఒకదానిమీద ఒకటి, అర లాగ్ (సుమారు మూడు రెట్ల) మెట్లతో వేయాలి. 25 మి.లీ. బాత్‌కు లెక్క ఇది. 10⁻⁶ స్టాకు నుంచి 25 మైక్రోలీటర్లు వేస్తే బాత్‌లో 10⁻⁹ వస్తుంది. అదే స్టాకు ఇంకో 50 వేస్తే 3×10⁻⁹. తర్వాత 10⁻⁵ స్టాకు నుంచి 17.5 వేస్తే 10⁻⁸, దాని మీద 50 వేస్తే 3×10⁻⁸. ఇక మీదట 17.5, 50, 17.5, 50 అదే వరుస, స్టాకు మాత్రం పదేసి రెట్లు గాఢమవుతుంది. 10⁻⁵ దాకా పోయేసరికి మొత్తం 295 మైక్రోలీటర్లు పోస్తాం, బాత్‌లో 1.2 శాతం లోపే. కార్బకాల్ పలుచబడిపోయిందేమో అన్న బెంగ అక్కర్లేదు.

ప్రతి మెట్టు దగ్గరా గీత నిలిచేదాకా ఆగండి. ఐదు నిమిషాల దాకా పట్టొచ్చు. ఫోన్‌లో టైమర్ పెట్టుకుని అది మోగగానే తర్వాతి మోతాదు వేసేస్తారు కొందరు. టైమర్‌ను కాదు, గీతను చూసి వేయాలి. చివర్లో బీటా రిసెప్టర్‌తో పని లేకుండా కండరాన్ని వదులు చేసే పాపవరిన్ 10⁻⁴ వేసి, టిష్యూ ఎంతవరకు వదులు కాగలదో ఆ అడుగు గుర్తించండి. వదులు శాతాలన్నీ కార్బకాల్ పైగీతకు, పాపవరిన్ అడుగుకు మధ్య లెక్కకట్టాలి.

అడ్రినలిన్, నార్ అడ్రినలిన్‌లకు కూడా కర్వ్‌లు గీస్తే ఒక పాత పరీక్ష పూర్తవుతుంది. 1948లో అమెరికాలోని జార్జియా మెడికల్ కాలేజీలో రేమండ్ ఆల్‌క్విస్ట్ ఈ జాతి మందుల బలాల వరుసను చూసే రిసెప్టర్లను ఆల్ఫా, బీటా అని విడగొట్టాడు. అప్పటికి బీటాను ఆపే మందే లేదు. బీటా దగ్గర ఐసోప్రినలిన్ ముందుంటుంది, ఆల్ఫా దగ్గర అదే అట్టడుగున ఉంటుంది. 1967లో లాండ్స్ బృందం బీటాను మళ్లీ ఒకటి, రెండు అని చీల్చింది. మొదటి దానిలో నార్ అడ్రినలిన్, అడ్రినలిన్ దాదాపు సమానం, రెండో దానిలో నార్ అడ్రినలిన్ బాగా వెనకబడుతుంది. మీ పట్టీలో వరుస ఎలా వచ్చిందో చూడండి. ఈ రెండు మందులతో చేసేటప్పుడు బాత్‌లో ఫెంటొలమిన్ ఉంచితే ఆల్ఫా అడ్డు రాదు.

ప్రొప్రనొలాల్‌తో తేల్చడం

ఇప్పటిదాకా చేసింది ఏర్పాటే. గీత ఎవరి వల్ల దిగిందో ఇక్కడ తేలుతుంది.

ఒకే మేక నుంచి నాలుగు పట్టీలు, నాలుగు బాత్‌లు. మొదటిదానిలో డిస్టిల్డ్ వాటర్, మిగతా వాటిలో ప్రొప్రనొలాల్ 10⁻⁸, 3×10⁻⁸, 10⁻⁷. కనీసం అరగంట, వీలైతే ముప్పావు గంట ఉంచండి. తర్వాత కార్బకాల్, దాని మీద ఐసోప్రినలిన్ కర్వ్. ఒకే పట్టీ మీద మళ్లీమళ్లీ ఐసోప్రినలిన్ కర్వ్‌లు గీయకండి. బీటా రిసెప్టర్లు ఐసోప్రినలిన్‌కు అలవాటుపడి మొద్దుబారతాయి, అప్పుడు జరిగిన కర్వ్ ప్రొప్రనొలాల్ వల్లో మొద్దుబారడం వల్లో చెప్పలేరు. పట్టీలు తక్కువై తప్పనిసరైతే, ఏ అడ్డూ లేకుండా రెండు కర్వ్‌లు గీసిన పట్టీ ఒకటి పక్కన ఉండాలి.

ఏం కనబడాలి? కర్వ్ ఆకారం మారకుండా, గరిష్ఠం తగ్గకుండా, కుడికి సమాంతరంగా జరగాలి. అడ్డుపడే మందు, రిసెప్టర్‌ను పనిచేయించే మందు (అగోనిస్ట్) ఒకే కుర్చీ కోసం పోటీ పడుతున్నాయనడానికి అదే గుర్తు. ఎంత జరిగిందో కొలిచి రిసెప్టర్‌ను గుర్తుపట్టే పద్ధతికి హైంజ్ షీల్డ్ 1947లో పీఏ2 (కర్వ్‌ను రెండు రెట్లు జరపడానికి కావలసిన అడ్డు మందు గాఢతకు గుర్తు మార్చిన లాగ్) అన్న కొలత పెట్టాడు. 1959లో అరుణ్‌లక్షణతో కలిసి దాన్ని ఇప్పుడు మనం గీసే సరళరేఖగా మలిచాడు.

ఊహించిన అంకెలతో లెక్క చూద్దాం. అడ్డు లేని పట్టీలో ఐసోప్రినలిన్ ఈసీ50 10⁻⁸ అనుకోండి. ప్రొప్రనొలాల్ 10⁻⁸ ఉన్న బాత్‌లో అది 6×10⁻⁸ అయింది, అంటే ఆరు రెట్లు. ఆరులోంచి ఒకటి తీస్తే ఐదు, ఐదు లాగ్ 0.70. దానికి ప్రొప్రనొలాల్ గాఢత లాగ్‌ను గుర్తు మార్చి కలపండి, 8 ప్లస్ 0.70, అంటే 8.70. రెండో బాత్‌లో 16 రెట్లు జరిగితే, 15 లాగ్ 1.18, దానికి 7.52 కలిపితే మళ్లీ 8.70. మూడోదానిలో 51 రెట్లయితే 50 లాగ్ 1.70, 7తో కలిపి మళ్లీ 8.70. మూడు బాత్‌లూ ఒకే మాట చెబుతున్నాయి కాబట్టి నమ్మొచ్చు. ఈ 0.70, 1.18, 1.70లను ప్రొప్రనొలాల్ లాగ్ గాఢతలకు ఎదురుగా గ్రాఫ్ గీస్తే ఏటవాలు (స్లోప్) విలువ 1 వస్తుంది. బీటా-2 దగ్గర ప్రొప్రనొలాల్‌కు పీఏ2 సాధారణంగా 8.5కూ 9కీ మధ్యలో ఉంటుంది. మీకు 6.5 వచ్చిందంటే ఆ వదులు బీటా ద్వారా రాలేదనో, స్టాకు లెక్క తప్పిందనో అర్థం.

ఏటవాలు 1 కంటే బాగా తగ్గితే వెతకాల్సినవి కొన్ని ఉన్నాయి. ప్రొప్రనొలాల్‌కు సమయం చాలలేదేమో. ఐసోప్రినలిన్‌ను టిష్యూ లోపలికి లాగేసుకుంటోందేమో. రెండు రకాల రిసెప్టర్లూ పనిచేస్తున్నాయేమో. చివరిదాన్ని తేల్చాలంటే బీటా-2ను ఎంచి అడ్డుకునే ఐసీఐ 118551, బీటా-1కు సీజీపీ 20712ఏ ఉన్నాయి, కానీ పీజీ విద్యార్థి జేబుకు అవి భారమే. ఎక్కువ గాఢతలో ప్రొప్రనొలాల్‌కు మత్తుమందులా పొరలను మొద్దుబార్చే గుణం ఉందని కూడా గుర్తుంచుకోండి. ఆ అనుమానం వస్తే ఆ గుణం దాదాపు లేని టిమొలాల్‌తో మళ్లీ చూడండి.

సగటు తీసేటప్పుడు ఈసీ50లను కాదు, వాటి లాగ్ విలువలను తీసుకోండి. ఇంకా ముఖ్యంగా, ఎన్ అంటే మేకల సంఖ్య, పట్టీల సంఖ్య కాదు. ఒకే గొట్టం నుంచి ఆరు పట్టీలు కోసి "ఎన్ ఆరు" అని రాసిన థీసిస్‌లు నేను చూశాను. అది ఒక్క మేక. ఆరు కావాలంటే ఆరు మేకలు, అంటే ఆరు ఉదయాలు. ఆదివారం షాపులో కోత ఎక్కువగా ఉంటుంది కాబట్టి ఒకేసారి రెండు మూడు గొట్టాలు దొరుకుతాయి.

ఇక మీ ఆకు సారం

మొదట, బిగించే మందును మార్చి చూడండి. ఒక పట్టీని కార్బకాల్‌తో, ఒకదాన్ని హిస్టమిన్‌తో, ఇంకోదాన్ని 60 మిల్లీమోలార్ పొటాషియం క్లోరైడ్‌తో బిగించండి. మూడింటి మీదా సారం వేయండి. హిస్టమిన్ పట్టీ మాత్రమే వదులైతే అది యాంటీహిస్టమిన్ అయ్యుండొచ్చు. కార్బకాల్ పట్టీ ఒక్కటే వదులైతే అది కార్బకాల్ రిసెప్టర్‌ను ఆపే అట్రోపిన్ లాంటిది. పొటాషియం బిగింపు తేలిగ్గా విడిపోతే కాల్షియం దారి మీద అనుమానపడాలి. హిస్టమిన్‌తో మాత్రమే బిగించి "ఉబ్బసానికి మందు" అని రాసేవాళ్లు ఈ మొదటి గుమ్మం దగ్గరే ఆగిపోతున్నారు.

తర్వాత ప్రొప్రనొలాల్ 10⁻⁶ పెట్టిన పట్టీ, పెట్టని పట్టీ పక్కపక్కన ఉంచి రెండింటిలోనూ సారం కర్వ్ గీయండి. బీటా ద్వారానే పనిచేస్తుంటే కర్వ్ వందల రెట్లు కుడికి జరగాలి. రెండు కర్వ్‌లూ ఒకదానిమీద ఒకటి పడ్డాయంటే బీటా కథ ముగిసినట్టే. బాధపడకండి, అది కూడా ఫలితమే. అలా అని రాయడానికి ముందు, అదే మేక పట్టీ మీద అదే ప్రొప్రనొలాల్ ఐసోప్రినలిన్‌ను ఆపిందని చూపించాలి. లేకపోతే ప్రొప్రనొలాల్ స్టాకే పాడైపోయిందేమో అని ఎవరైనా అడుగుతారు, మీ దగ్గర జవాబు ఉండదు.

మూడో జాగ్రత్త సారం గురించే. నీటితో తీసిన సారాల్లో పొటాషియం బాగా ఉంటుంది. అది దానంతట అదే కండరాన్ని బిగించి, అసలు పనిని కప్పేయగలదు. పీహెచ్ చూసి సరిచేసుకోండి. డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో కరిగిస్తే, సారం లేకుండా అంతే డీఎంఎస్‌ఓ వేసిన పట్టీ తప్పనిసరి. సారం వేశాక కడిగి, కార్బకాల్‌తో మళ్లీ బిగుస్తోందో లేదో చూడండి. బిగుసుకోకపోతే మీరు చూసినది వదులు కాదు, టిష్యూ చావు.

ఆల్ఫా వైపు వెళ్లేవాళ్లకు

పద్ధతి అదే, పాత్రలు మారతాయి. ఎలుక మహాధమనిని 3 మి.మీ. వలయాలుగా కోసి, రెండు గ్రాముల టెన్షన్‌తో వేలాడదీసి, ఆల్ఫా అగోనిస్ట్ ఫినైలెఫ్రిన్‌తో బిగించి, ఆల్ఫాను ఆపే ప్రాజొసిన్‌తో అడ్డుకోవాలి. ఇక్కడ అగోనిస్టే బిగిస్తుంది కాబట్టి ముందుగా బిగించే పని ఉండదు. ఎండోథీలియం, అంటే రక్తనాళపు లోపలి పొర, ఉందో లేదో అసిటైల్‌కోలిన్‌తో చూసుకోవాలి. ఫినైలెఫ్రిన్ మీద బిగుసుకున్న వలయం అసిటైల్‌కోలిన్‌కు వదులైతే ఎండోథీలియం ఉన్నట్టు. ప్రాజొసిన్ నీళ్లలో సరిగా కరగదు, దానికీ వెహికిల్ కంట్రోల్, అంటే మందు లేకుండా ద్రావకం మాత్రమే వేసిన వలయం, పెట్టండి. ఎలుకకు మాత్రం ఎథిక్స్ కమిటీ అనుమతి ముందు చేతిలో ఉండాలి.

సాయంత్రం

చివరి గీత పూర్తయ్యాక ప్రతి పట్టీనీ విప్పి, మృదులాస్థి తునకలు తీసేసి, టిష్యూ పేపర్ మీద ఒత్తి కండరం బరువు తూచి రాసుకోండి. బిగుపును గ్రాము కండరానికి ఎంత అని చెప్పాలంటే ఆ బరువు కావాలి, రేపు మర్చిపోయానంటే తిరిగి రాదు. ముక్కలన్నీ బయోమెడికల్ వ్యర్థాల పసుపు సంచిలోకి. బాత్‌లు మొదట డిస్టిల్డ్ వాటర్‌తో, తర్వాత ఆల్కహాల్‌తో, మళ్లీ నీళ్లతో మూడుసార్లు కడగండి. ప్రొప్రనొలాల్ కొవ్వును ఇష్టపడే మందు కాబట్టి గాజుకు, ముఖ్యంగా రబ్బరు గొట్టాలకు అంటుకుని ఉంటుంది. ప్రొప్రనొలాల్ వాడిన బాత్‌లకు మార్కర్‌తో గుర్తు పెట్టండి. రేపు అడ్డు లేని కర్వ్ గీయబోయేది వాటిలో కాకుండా చూసుకోండి.